జాన్ బ్రైటు: మిల్లు యజమానుడు, ప్రజాపక్షవాది

యజమానుడు పనివానికి మిత్రుడు కాగలడా యను ప్రశ్న కష్టపడి బ్రదుకువారి యిండ్లలో తఱచుగా పుట్టుచుండును. ఇంగ్లాండు దేశపు జాన్ బ్రైటు జీవితము ఆ ప్రశ్నకు ఒక యుత్తరమిచ్చును. ఆ యుత్తరము పూర్తిగా తీపియు గాదు, పూర్తిగా చేదును గాదు.

బ్రైటు 1811వ సంవత్సరము నవంబరు 16వ తేదీని రాచ్‌డేలు పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి జేకబు నూలుమిల్లు యజమానుడు. వారిది క్వేకరు కుటుంబము. క్వేకరులు న్యాయస్థానమునందు సైతము ఒట్టు పెట్టుకొనరు, యుద్ధమును సమ్మతింపరు, దేవుని యెదుట మనుష్యులందఱు సమానులని నమ్ముదురు. బ్రైటు పదునైదేండ్ల ప్రాయముననే బడి విడిచి తండ్రి మిల్లులో ప్రవేశించెను.

1841లో ఆయన భార్య ఎలిజబెత్తు మరణించెను. ఓదార్పవచ్చిన స్నేహితుడు రిచర్డు కాబ్డెను, ఆకలిచే భార్యలును బిడ్డలును చచ్చుచున్న యిండ్లు దేశమున వేలకొలది యున్నవని జ్ఞాపకము చేసి, ధాన్యపు సుంకములు తొలగువఱకు తనతో కలిసి పాటుపడుమని కోరెను. విదేశధాన్యముపై విధించిన ఆ సుంకములవలన భూస్వాములకు లాభమును, పేదలకు రొట్టె కఱవును కలుగుచుండెను. ఇరువురును ఊరూర తిరిగి ప్రసంగించిరి. 1843లో బ్రైటు పార్లమెంటు సభ్యుడయ్యెను. 1846లో సుంకములను తొలగించు చట్టము నెగ్గెను.

అయితే మఱుసటి యేడే ఆయన లోపమును బయలుపడెను. స్త్రీలును పదునెనిమిదేండ్లలోపు పిల్లలును మిల్లులలో దినమునకు పది గంటలకు మించి పనిచేయరాదను చట్టము 1847లో వచ్చినపుడు, పనివేళలలో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని బ్రైటు దాని నెదిరించెను. ఆ చట్టమును సభలో నడిపించిన జాన్ ఫీల్డెనుగూడ నూలుమిల్లు యజమానుడే. ఒకే వృత్తియందున్న యిరువురిలో ఒకడు పనివారి అలసటను చూచెను, రెండవవాడు చూడలేకపోయెను.

తెలుగువారు ఆయనను స్మరింపదగిన కారణము వేఱొకటి గలదు. 1848లో భారతదేశపు ప్రత్తిసాగునుగూర్చి విచారించిన పార్లమెంటు సంఘమునకు బ్రైటు అధ్యక్షుడు. మిల్లులకు ప్రత్తి కావలెనను స్వలాభము అందులో లేకపోలేదు. కాని విచారించినకొలది రైతు దుస్థితి ఆయనకు తెలియవచ్చెను. 1834 మొదలు 1848 వఱకు కుంపిణీవారు భారతదేశమంతట ప్రజోపయోగమైన పనులకు వెచ్చించిన సొమ్ముకంటె, మాంచెస్టరు నగర మొక్కటి తన ప్రజల మంచినీటికి వెచ్చించిన సొమ్మే యెక్కువయని 1858లో ఆయన సభలో చెప్పెను.

నీరు లేమి యెట్టిదో గోదావరి మండలమువారు నందన సంవత్సరపు కఱవులో, అనగా 1832-33లో, చవిచూచిరి. ఆర్థరు కాటను దొర 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట ఆ సీమను ధాన్యాగారముగా మార్చెను. అయినను బళ్లారి, కర్నూలు, కడప సీమలు 1876-78 నాటి ధాత కఱవున మాడిపోయెను. అప్పుడు, 1877లో, మాంచెస్టరు ప్రజలయెదుట బ్రైటు కాలువల ఆవశ్యకతను నొక్కి చెప్పెను. భారతదేశమును ఆయన ఎన్నడును చూడలేదు.

ఆయన మాటకు వెలయును చెల్లించెను. క్రిమియా యుద్ధమును ఖండించినందున జనుల కోపమునకు గురియై, 1857లో మాంచెస్టరు స్థానమును పోగొట్టుకొనెను. ఆ యేడే బర్మింగుహాము ఆయనను ఎన్నుకొనెను. అమెరికా అంతర్యుద్ధమున ప్రత్తి రాక మిల్లులు మూతపడినను, బానిసత్వమునకు విరోధముగా ఉత్తరరాష్ట్రముల పక్షముననే నిలిచెను. పట్టణపు పనివారికి ఓటు కావలెనని ఊరూర ప్రసంగించెను. 1867లో వారిలో అనేకులకు అది లభించెను. 1868లో మంత్రియయ్యెను, క్వేకరులలో ఆ పదవి పొందిన మొదటివాడు ఆయనయే. 1882లో ఆంగ్ల నౌకలు అలెగ్జాండ్రియాపై ఫిరంగులు కాల్చినందుకు మంత్రిపదవిని విడిచెను. 1889 మార్చి 27న మరణించెను.

దూరదేశపు రైతుల దాహమును గుర్తించినవాడు తన మిల్లులోని స్త్రీల అలసటను గుర్తింపకపోవుట ఆశ్చర్యము. దూరపు కష్టము కనబడుట సులభము; తన లాభముతో పెనగొనిన కష్టము కనబడుట దుర్లభము. కావున యజమానుడెంత సత్పురుషుడైనను, పనివారి మేలును అతని మంచితనమునకే విడువరాదు. చట్టమును కావలెను, తమ కష్టమును తామే చెప్పుకొనగల విద్యయు కావలెను.