గ్రహణి నుంచి మూలకణాల దాకా

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కడుపు చెడిందంటే మొదటి ముద్దాయి మిరపకాయే. నెత్తురు విరేచనాలైనా, నెలల తరబడి కడుపునొప్పి వదలకపోయినా ‘కారం మానెయ్యి’ అనే తీర్పు డాక్టరు కంటే ముందే ఇంట్లో వచ్చేస్తుంది. మిరప మన దేశానికి 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చరకసంహిత గ్రహణి అనే పేగుజబ్బు చికిత్సకు ఓ అధ్యాయం కేటాయించింది. మిరపను ఎరగని కడుపులూ బాధపడ్డాయన్నమాట.

మొండి పేగుజబ్బుల్లో రెండు ముఖ్యం. పెద్దపేగు లోపొర పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌ను 1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ వర్ణించాడు. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఆయన సహచరులు 14 మంది రోగుల కథ అచ్చు వేశారు. క్రోన్స్ జబ్బుకు ఆ పేరు అలా వచ్చింది. రెండింటిలోనూ ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే పేగు మీద పడతాయి. కారం మంట పెంచవచ్చుగానీ జబ్బును పుట్టించదు. మన దగ్గర ఇంకో చిక్కుంది. పేగుకు పట్టే క్షయ అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. అందుకే చాలామందికి ముందు కొన్ని నెలలు క్షయ మందులు వాడి చూస్తారు.

ఈ జబ్బుల వైద్య చరిత్రలో ఒక తెలుగువాడి పేగుకు కూడా చోటుంది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరు ఉష్ణమండల స్ప్రూ వ్యాధితో పోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటబట్టనివ్వక, విరేచనాలతో, నెత్తురు లేమితో మనిషిని ఎండగట్టే జబ్బు. క్రోన్స్ వేరు, ఇది వేరు. ఆ స్ప్రూ సుబ్బారావునూ పట్టింది. ఇంగ్లీషు మందులకు లొంగనిది ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో తగ్గింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో బయటపడ్డాడు. కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో బోస్టన్ చేరాడు. 1940లో లెడర్లే మందుల కంపెనీలో పరిశోధనకు దిగాడు.

లూసీ విల్స్ అనే వైద్యురాలు 1931లోనే బొంబాయి గర్భిణుల రక్తహీనత మీద రాసింది. ఈస్టు సారం తింటే వాళ్ల నెత్తురు పుంజుకుంటోందని గమనించింది. ఆ సారంలోని గుణం ఫోలిక్ యాసిడ్‌దే. 1945లో సుబ్బారావు నడిపిన లెడర్లే బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి మేలు చూపించాడు. 1948లో అదే సంస్థ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు. ఉష్ణమండల స్ప్రూకు నేటికీ ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్లే. తన అన్నదమ్ములను మింగిన జబ్బుకు రెండు మందులూ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం నుంచే రావడం చరిత్రలో అరుదైన పగ తీర్చుకోవడం.

కథ అక్కడ ఆగలేదు. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే పదార్థాలనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా తెరిపి దొరికిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు, 53 ఏళ్లకే. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్. రక్తకణాలు పుట్టే మూలకణాల మార్పిడికి తొలి రూపమైన ఎముక మజ్జ మార్పిడిలో, దాత కణాలు రోగి ఒంటి మీదే దాడి చేయకుండా అడ్డుకునేందుకు అమెరికన్ వైద్యుడు డొనాల్ థామస్ దీన్నే వాడాడు. ఆయనకు 1990లో నోబెల్ వచ్చింది. 1995లో కెనడా పరిశోధకులు వారానికి 25 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్‌ను క్రోన్స్ రోగుల మీద పరీక్షించారు. 16 వారాలకు మందు తీసుకున్నవారిలో 39 శాతం మంది కుదుటపడ్డారు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 19 శాతం.

మరి మూలకణాలతో పేగు నయమవుతుందా? రోగి సొంత మూలకణాలు తీసి దాచి, ఘాటైన మందులతో పాత రోగనిరోధక కణాలను తుడిచి, వాటిని తిరిగి ఎక్కించే పద్ధతిని ఐరోపాలో 45 మంది క్రోన్స్ రోగులతో పరీక్షించారు. 2015లో ఫలితం వచ్చింది: ముందే పెట్టుకున్న కఠినమైన కొలతకు మార్పిడి చేసిన 23 మందిలో అందుకున్నది ఇద్దరే. ఒకరు చనిపోయారు. రెండో దారి, దాత కొవ్వు నుంచి తీసిన కణాలను మలద్వారం దగ్గర క్రోన్స్ వల్ల పడే ఫిస్టులాలో (పేగు నుంచి చర్మానికి ఏర్పడే దారిలో) ఎక్కించడం. డార్వాడ్‌స్ట్రోసెల్ అనే ఈ మందుకు 2018లో ఐరోపా అనుమతి దొరికింది. 2023లో పెద్ద పరీక్ష తప్పింది. 2024 డిసెంబరులో తయారీదారే దాన్ని అక్కడి మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నాడు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మూలకణ చికిత్స మామూలు వైద్యంగా చెల్లేది ప్రధానంగా రక్తసంబంధ జబ్బులకే. క్రోన్స్‌కైనా, కొలైటిస్‌కైనా అనుమతి పొందిన పరీక్షలోనే చేయాలి. మిర్చి అమ్మిన డబ్బు మూటగట్టుకుని మూలకణ చికిత్సకు బయల్దేరే ముందు ఒక్క మాట అడగండి: ఈ చికిత్సకు దేశంలోని క్లినికల్ పరీక్షల పట్టిక అయిన సీటీఆర్‌ఐలో నమోదు నంబరు ఎంత? నంబరు చెప్పలేకపోతే, చెప్పినా ఫీజు అడిగితే, వెనక్కి వచ్చేయండి.