సర్వీసు ఉన్నోనికే పాయింటు

మంథనిలో పిల్లలకు షటిల్ నేర్పిన రోజుల్లో నేను సున్నంతో గీసిన కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ఇప్పుడు మా మనుమడు ఫోన్‌లో చూపించే పికిల్‌బాల్ కోర్టుదీ అదే కొలత. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ ఆ ఆట మొదలుపెట్టింది పాత షటిల్ కోర్టు మీదనే మరి. రాకెట్లు సరిపోక టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి పట్టుకున్నారు. ముందు 60 అంగుళాల ఎత్తున ఉన్న నెట్టును, బంతి నేల మీద బాగా లేస్తున్నదని 36కు దించారు.

సింగిల్స్‌లోనే తేడా వచ్చింది. షటిల్‌లో ఒక్కడు ఆడితే వెడల్పు 17 అడుగులకు తగ్గుతుంది. ఇక్కడ తగ్గదు, ఇరవై అడుగులూ ఒక్కడే కాయాలె. పైగా సర్వీసు ఒకసారి, తిరిగొచ్చిన బంతి ఒకసారి నేల తాకాల్సిందే. అందుకని సర్వీసు చేసినోడు వెనక గీత దగ్గరే ఆగిపోతాడు. అవతలోడు బంతిని లోతుగా కొట్టి నెట్టు దగ్గరికి ఉరికొస్తాడు. ఇక మూడో దెబ్బే కీలకం: పక్క గీత వెంట దూసుకుపోయేలా కొట్టాలె, లేదా అతని కాళ్ల ముందు పడేయాలె. పెద్ద ఆటగాళ్ల సింగిల్స్‌లో ఉరుకులాట అంతా దీనికోసమే.

చిత్రమేమంటే, అట్లా సర్వీసు చేసి ఇబ్బందిలో ఉన్నోనికే పాయింటు వస్తుంది. అవతలోడు గెలిస్తే దక్కేది సర్వీసే. అందుకే 11 పాయింట్ల గేమైనా స్కోరు కదలక గంటు పెట్టుకుంటుంది. ఇది మా కాలపు షటిల్ లెక్కే. 1980లో ప్రకాశ్ పదుకొణె, 2001లో మన గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచింది ఆ లెక్కలోనే. ఫైనల్లో గోపీ చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. షటిల్ 2006లో ఆ లెక్క వదిలి, ప్రతి ర్యాలీకీ పాయింటుతో 21కి మారింది. ఆట పొట్టిదవుతుందన్నారు. కానీ 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో సింధు, ఒకుహర 110 నిమిషాలు ఆడారు. అందులో ఒక ర్యాలీ 73 దెబ్బలు. సరిజోడీ దొరికితే ఏ లెక్కా ఆటను కుదించలేదు. నన్నడిగితే పాత లెక్కే మంచిది, వెనకబడ్డోడు నిలదొక్కుకునే సందు దొరుకుతుంది.

షటిల్ కోర్టున్న బడి సార్లకు ఒక మాట. పికిల్‌బాల్‌కు కొత్త సిమెంటు అక్కరలేదు. మీ ముందు గీత నెట్టుకు ఆరున్నర అడుగుల్లో ఉంటుంది. ఏడడుగుల దగ్గర ఇంకోటి గీయండి, నెట్టు నడుమ 34 అంగుళాలకు దించండి, పిల్లలను ఒక్కొక్కరిగా దించి చూడండి.