పాలమూరు చేతివృత్తులు - జీవవైవిధ్యం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలోని సంప్రదాయ చేతివృత్తులు అక్కడి చెట్లు, పంటలు, పశువుల మీద ఆధారపడి పెరిగినవి. ఒక జీవజాతి తగ్గినపుడు దానితో ముడిపడిన పనితనం మరుగున పడుతుంది. పనితనం మరుగైనపుడు ఆ జాతిని కాపాడుకోవలసిన అవసరం కూడా జనానికి కనిపించదు. ఈ రెండు నష్టాలు ఒకదానిని మరొకటి పెంచుతాయి. ఇందుకు గొంగడి, నేత, కిన్నెర, తేనె సేకరణ మంచి ఉదాహరణలు.

ప్రాంతం

ఈ మూడు ప్రాంతాలు పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అనే మూడు జిల్లాలుగా ఏర్పడ్డాయి. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. వనపర్తి ప్రాంతంలో మెట్ట పొలాలు, చెరువులు, పచ్చిక బీళ్ళు కలవు. నాగర్‌కర్నూల్ జిల్లా తూర్పు, దక్షిణ భాగాలలో నల్లమల అడవి విస్తరించి ఉన్నది. అక్కడి అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైశాల్యం 2,611 చదరపు కిలోమీటర్లు.

గొంగడి - దక్కనీ గొర్రె

కురుమ, గొల్ల కులాలవారు పెంచిన దక్కనీ జాతి గొర్రె ఎండకు, కరువుకు, దూరపు నడకకు తట్టుకుంటుంది. దీని ముతక నల్ల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, మగ్గం మీద గొంగడి నేసేవారు. నూలు వడకడం ఎక్కువగా స్త్రీల పని. నేసిన గొంగడికి చింతగింజల గంజి పట్టించి గట్టిపరచేవారు. కాపరికి గొంగడి వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక. బీరప్ప పూజలో కూడా దీనికి స్థానం కలదు.

మాంసానికి గిరాకీ పెరిగిన తరువాత పొడవుగా పెరిగే నెల్లూరు జాతి పొట్టేళ్ళతో దక్కనీ మందలను సంకరపరచడం ఎక్కువైనది. నెల్లూరు గొర్రెకు ఒంటి మీద వెంట్రుకలే కాని ఉన్ని ఉండదు. 2017లో మొదలైన తెలంగాణ గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కొక్క లబ్ధిదారునికి 20 గొర్రెలు, 1 పొట్టేలు ఇచ్చారు. వీటిలో చాలా భాగం పొరుగు రాష్ట్రాల నుండి కొని తెచ్చినవి. మందలో ఉన్ని తగ్గేకొద్దీ కత్తిరించేవారికి, వడికేవారికి, నేసేవారికి పని పోయింది. చవకగా దొరికే మిల్లు దుప్పట్లు ఈ క్షీణతను వేగపరచాయి.

గద్వాల నేత - పత్తి, రంగులు

గద్వాల చీర ఒడలు నూలుతోను, అంచు, కొంగు పట్టుతోను ఉంటాయి. ఒంటిని, అంచును వేర్వేరు నాడెలతో నేస్తూ పేకలను మెలివేసి కలుపుతారు. ఈ చీరకు భౌగోళిక గుర్తింపు లభించింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం పక్షాన సమర్పించే జోడు పంచెలను ఇక్కడి నేతకారులు దీక్షతో నేస్తారు.

నేత నిలిచినా దాని ముడిసరుకు మారిపోయింది. తెలుగు నేలపై పూర్వం నీలి మొక్క నుండి నీలం రంగు, చిరువేరు నుండి ఎరుపు తీసేవారు. కరక్కాయతో రంగును నిలబెట్టేవారు. 1869లో చిరువేరులోని రంగు పదార్థమైన అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకు వచ్చింది. తరువాత ఆ మొక్కల సాగు, వాటి అద్దకపు కొలతలు క్రమంగా కనుమరుగయ్యాయి. పత్తి విషయమూ ఇట్టిదే. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి దేశవాళీ రకాలను పొలాల నుండి దాదాపు తొలగించింది. నడిగడ్డ నేడు సంకర పత్తి విత్తనాల ఉత్పత్తికి పేరు పొందినది. నేతకు పేరొందిన ఊరి చుట్టూ పత్తి పండుతున్నా, ఆ మగ్గాల నూలు మిల్లుల నుండి రావలసిందే.

కిన్నెర

ఎండిన సొరబుర్రలు, వెదురు దండి, తేనె మైనంతో తయారయ్యే తంత్రీ వాద్యం కిన్నెర. దీనిని డక్కలి, చెంచు కళాకారులు వాయిస్తారు. మెట్లుగా పూర్వం అలుగు అనే జంతువు పొలుసులను అమర్చేవారు. చీమలను, చెదలను తిని బ్రతికే అలుగుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రక్షణ ఉన్నది. 2016లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. కనుక పొలుసుల వాడకం నేడు చట్టవిరుద్ధం. అలుగు సంఖ్య తగ్గడానికి ప్రధాన కారణం పొలుసుల కోసం, మాంసం కోసం జరిగే వేట, దొంగ వ్యాపారం. వాద్యం నిలవాలంటే ఇతర పదార్థాలతో మెట్లు చేసే పనితనం అవసరం. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

చెంచుల అటవీ పరిజ్ఞానం

నల్లమల చెంచులు నార తాళ్ళతో కొండ చరియలకు దిగి పెద్ద తేనెటీగల పట్లు కోస్తారు. తాడు పట్టుకొనేది బావమరిది అన్న ఆచారం కలదు. ఏ పూత ఎపుడు వచ్చును, పట్టులో తేనె గది ఏది, పిల్లల గది ఏది అన్న ఎరుక లేనిదే ఈ పని సాగదు. తపసి బంకకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. చెట్టుకు లోతైన గాయం చేస్తే చెట్టు చనిపోతుంది, కొలతగా గీస్తే మళ్ళీ బంక ఇస్తుంది. 1940లో ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ జనుల జీవనాన్ని అధ్యయనం చేసి 1943లో గ్రంథం వెలువరించాడు. అడవి నుండి తరలింపు జరిగితే ఈ ఎరుక పిల్లలకు అందే మార్గం మూసుకుపోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం అటవీ ఉత్పత్తులపై హక్కును, సంప్రదాయ పరిజ్ఞానంపై సమష్టి హక్కును గుర్తించింది.

పరిరక్షణ

1992 జీవవైవిధ్య ఒడంబడిక స్థానిక సమాజాల పరిజ్ఞానాన్ని గౌరవించి కాపాడాలని పేర్కొన్నది. ఈ ఒడంబడిక పదకొండవ సభ్యదేశాల సదస్సు 2012 అక్టోబరులో హైదరాబాదులో జరిగింది. 2002 భారత జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేయవలసి ఉన్నది. వీటిలో జాతుల పేర్లతో పాటు వాటిని వాడే విధానం కూడా వ్రాయవచ్చును. అయితే వ్రాసిపెట్టినంత మాత్రాన చేతిపని నిలవదు. ఉన్నికి ధర, మందకు మేత బీడు, నేర్చుకొనే పిల్లవానికి కూలి ఉన్నపుడే అది తరువాతి తరానికి అందుతుంది.

ఇవి కూడా చూడండి

* గద్వాల చీర
* చెంచులు
* నల్లమల అడవులు
* కిన్నెర