మన పెద్దోళ్ళు ఆసుపత్రిలో ఎందుకు చేరనంటారు? మన్యంలో వందేళ్ళ కథ



"మీవాళ్ళు ఆసుపత్రికి రారు, గురువు దగ్గరికో దిసారి దగ్గరికో పోతారు." కాలేజీలో, హాస్టల్లో, ఆసుపత్రి వరండాలో ఈ మాట మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మనలో కొందరం కూడా తలూపేశాం. మా తాతకి తెలీదు, మా అవ్వకి మూఢనమ్మకం అని మనమే చెప్పుకున్నాం. ఈసారి పోస్టులో ఆ మాటని కొంచెం విప్పి చూద్దాం అనుకున్నాం. విశాఖ మన్యం మాకు తెలిసిన చోటు కాబట్టి అక్కడి సంగతే రాస్తున్నాం.

ముందు మా ఊళ్ళో జరిగింది చెప్తాం. ఒక చలికాలం మా తాతకి దగ్గు, ఆయాసం ఎక్కువైంది. అన్నం మానేశాడు. ఆసుపత్రికి పోదాం అంటే, "నన్ను కొండ దింపకండిరా. దింపితే మళ్ళీ ఎక్కించలేరు" అన్నాడు. రెండు రోజులు బతిమాలి డోలీ కట్టాం. మార్చుకుంటూ మోయడానికి ఎనిమిది మంది కావాలి. అది కాఫీ పళ్ళు కోసే కాలం, మగవాళ్ళు తోటల్లో ఉన్నారు. వాళ్ళని పోగుచేసేసరికి పొద్దు వాలింది. రోడ్డు దాకా మోశాం, అక్కడి నుంచి బండి. పీహెచ్‌సీలో చూసి పెద్దాసుపత్రికి రాశారు, అక్కడ ఇంకా పెద్ద ఆసుపత్రికి రాశారు. మూడో చోట మంచం దొరికింది. తాత మాట అక్కడెవరికీ అర్థం కాలేదు, వాళ్ళ మాట తాతకి అర్థం కాలేదు. నాలుగో రోజు చనిపోయాడు. శవాన్ని తెచ్చిన బండి రోడ్డు చివర ఆగిపోయింది. అక్కడి నుంచి మళ్ళీ అదే డోలీ.

తాత చెప్పింది నిజమే అయింది. అది మూఢనమ్మకమా, అనుభవమా? దీనికి జవాబు చరిత్రలో ఉంది.

రోడ్డు దగ్గరే మొదలెడదాం. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి పోయే రోడ్డు మనందరికీ తెలుసు. ఆ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతముత్తాతల చేత వెట్టి చేయించాడు. సరైన కూలి లేదు, కాదంటే దెబ్బలు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి మనవాళ్ళు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడటానికి ఉన్న కారణాల్లో ఆ వెట్టి ఒకటి. పితూరి 1924 దాకా నడిచింది. మన్యంలోకి రోడ్డు వచ్చింది సర్కారు పైకి రావడానికి, అడవి సరుకు కిందకి పోవడానికి. రోగి కిందకి పోవడం కోసం ఆ రోజుల్లో ఎవరూ రోడ్డు వెయ్యలేదు. అందుకే మెయిన్ రోడ్డు ఉంటుంది, దాని నుంచి మన ఊరికి దారి ఉండదు. ఇప్పటికీ డోలీ మోసేది ఆ మధ్యలో మిగిలిపోయిన ముక్కలోనే.

తర్వాత వైద్యం. కింద నుంచి వచ్చిన ఉద్యోగులు మన్యం జ్వరానికి భయపడి ఇక్కడి పోస్టింగుని శిక్షలా చూసేవాళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం వచ్చింది, 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఇంటింటికీ డీడీటీ కొట్టేవాళ్ళు, రక్తం చుక్క తీసుకునేవాళ్ళు వచ్చారు. సర్కారు వైద్యం చాలా ఊళ్ళకి తెలిసింది ఇలాగే, జ్వరం కోసం.

1970ల్లో గిరిజన ఉపప్రణాళిక, దాంతో ఐటీడీఏలు వచ్చాయి. జనాభా లెక్కలో మనకి కొంత సడలింపు ఇచ్చారు. మైదానంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అయితే, గిరిజన ప్రాంతంలో 20,000 మందికి ఒకటి. సబ్‌సెంటరు అక్కడ 5,000 మందికి, ఇక్కడ 3,000 మందికి. కాగితం మీద ఇది మంచిదే. కానీ కొండల్లో 3,000 మంది అంటే ఎన్ని గూడేలు, ఎన్ని వాగులు, ఎన్ని గంటల నడక అన్నది ఆ లెక్కలో లేదు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఆశా కార్యకర్తలు వచ్చారు, ఆసుపత్రిలో కాన్పు అయితే డబ్బులిచ్చే జననీ సురక్ష యోజన వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది. కాన్పు తేదీ దగ్గరపడిన గర్భిణులని ముందే తెచ్చి ఉంచడానికి వసతి గృహాలు పెట్టారు. 2018లో బైకు అంబులెన్సులు కూడా తిరిగాయి. తల్లీబిడ్డల కోసం ఇవన్నీ అవసరమే, ఇంకా కావాలి కూడా.

కానీ ఈ వరస ఒకసారి చూడండి. మొదట జ్వరం, తర్వాత తల్లీబిడ్డ. ముసలివాళ్ళ కోసం ఎవరొచ్చారు? వృద్ధుల ఆరోగ్యానికి జాతీయ కార్యక్రమం అని ఒకటి 2010లో గానీ మొదలవలేదు. గర్భిణికి నెలనెలా లెక్క ఉంటుంది, ఫలానా నెలలో కాన్పు అని రిజిస్టరులో రాసి ఉంటుంది. ఆయాసం ఉన్న తాత పేరు, నడుం విరిగిన అవ్వ పేరు ఏ రిజిస్టరులో ఉంది?

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పు మరణాల గురించి రాస్తూ మూడు ఆలస్యాలు అన్నారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మన పెద్దవాళ్ళకి కూడా ఇదే కొలత పెట్టి చూడొచ్చు.

మొదటిది, నిర్ణయం. ముసలివాళ్ళు ఒంటరిగా చేరలేరు, పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి కూలి పోతుంది, కింద తిండి ఖర్చు, వెనక ఇంట్లో మేకలు, పిల్లలు. ఇవన్నీ లెక్కేసుకుని పెద్దవాళ్ళే "నాకేం కాలేదులే" అంటారు. ఆ మాట మొండితనం అనుకుంటాం. ఇంటి ఖర్చు తగ్గించడానికి అంటున్నారని మనకి తట్టదు.

రెండోది, చేరడం. దాని గురించి పైన చెప్పాం. వానాకాలంలో వాగు పొంగితే డోలీ కూడా కదలదు.

మూడోది, చేరాక. కువి మాట్లాడే అవ్వ ఎక్కడ నొప్పో తెలుగులో చెప్పలేదు. ఆదివాసీ ఒడియా మాట్లాడే తాతని తెలుగులో కేకలేస్తే మౌనంగా కూర్చుంటాడు. విశాఖ కేజీహెచ్‌లో మనవాళ్ళ కోసం ఎస్టీ సెల్ ఉంది. అది అక్కడుందని ఊళ్ళో ఎంతమందికి తెలుసు? ఇక కాగితాలు. 2024 అక్టోబరులో కేంద్రం 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వైద్యం అంది. వయసుకి ఆధారం ఆధార్ కార్డు. మన పెద్దవాళ్ళలో చాలామందికి పుట్టినరోజు జనవరి 1, సంవత్సరం నమోదు చేసినవాళ్ళు చూసి వేసిన అంచనా. ముఖం చూసి పదేళ్ళు తక్కువ వేస్తే ఆ పదేళ్ళూ ఈ పథకం దూరమైనట్టే.

వీటన్నిటి మీద ఇంకో భయం ఉంది, బయట చనిపోతామని. మన ఊరి మట్టిలో, మన పెద్దల పక్కన కలవాలని వాళ్ళ కోరిక. కింద చనిపోతే శవం ఎలా వస్తుందో వాళ్ళు కళ్ళారా చూశారు. ఆలస్యంగా పోయినవాళ్ళే ఎక్కువగా చనిపోతారు. వాళ్ళు చనిపోవడం చూసి మిగతావాళ్ళు ఇంకా ఆలస్యంగా పోతారు. ఆసుపత్రి అంటే చావడానికి పోయే చోటు అన్న నమ్మకం పుట్టింది ఇలాగే. గురువు దగ్గరికి ముందు పోవడం కూడా ఇందులో భాగమే. ఆయన ఊళ్ళో ఉంటాడు, మన భాషలో అడుగుతాడు, రాత్రి పిలిచినా వస్తాడు. అలాగని మందాకుతో న్యుమోనియా తగ్గుతుందని మేము అనడం లేదు. మా తాతని రెండు రోజులు ముందు తీసుకెళ్ళి ఉంటే బతికేవాడేమో అని మాకూ ఉంది. ఆ బాధతోనే ఇది రాస్తున్నాం.

కాబట్టి ఆసుపత్రి రిజిస్టరులో మన పెద్దవాళ్ళ పేర్లు తక్కువ కనిపిస్తే మనవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారని కాదు, తెలివితక్కువగా ఉన్నారని కూడా కాదు. మధ్యలో ఏదో ఒక చోట ఆగిపోయారని.

పరిస్థితి కొంత మారుతోంది. 2022లో పాడేరు జిల్లా కేంద్రం అయింది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలలో మొదటి బ్యాచ్ చేరింది. విశాఖ దాకా నూరు కిలోమీటర్లు పైగా పోకుండా కొండ మీదే వైద్యం దొరికే రోజు రావచ్చు. కానీ ఊరి నుంచి రోడ్డు దాకా ఉన్న ముక్క, భాష, తోడు మనిషి, కాగితం ఇవి మెడికల్ కాలేజీతో తీరవు. వీటిలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఊళ్ళో అరవై దాటినవాళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరికి ఆయాసం, ఎవరికి బీపీ, ఎవరు నడవలేరో రాసి ఆశా అక్కకి ఒక కాపీ ఇవ్వండి. వాళ్ళ ఆధార్‌లో వయసు చూడండి, తప్పుంటే దిద్దించండి. పాడేరులో, విశాఖలో చదువుతున్నవాళ్ళు వంతులు వేసుకుని, మన ఊరి పెద్దవాళ్ళు ఆసుపత్రికి వచ్చినప్పుడు పక్కన నిలబడి మాట చెప్పండి. మన భాష వచ్చిన ఒక్క మనిషి మంచం పక్కన ఉంటే ఆ ముసలివాళ్ళ ధైర్యం వేరు.

ఇంకొకటి. మీ అవ్వనీ తాతనీ కూర్చోబెట్టి, ఆసుపత్రి గురించి వాళ్ళకి గుర్తున్నది అడగండి. డీడీటీ కొట్టిన రోజులు, మొదటి సూది, మొదటి డోలీ. రాసి పెట్టండి. ఈ చరిత్ర ఏ పుస్తకంలోనూ దొరకదు, వాళ్ళతోనే పోతుంది.

ఈసారి ఎవరైనా "మీవాళ్ళు రారు" అంటే తలూపకండి. ఎందుకు రాలేదో చెప్పండి.

జోహార్.