దసలి పురుగు: పేరు నుంచి జాతి దాకా

భద్రాచలం, ఖమ్మం అడవుల్లో నల్లమద్ది, ఏరుమద్ది ఆకులు తిని బతికే దసలి పట్టుపురుగును శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కించింది లండన్ కంసాలి డ్రూ డ్రూరీ. 1773లో దానికి మిలిట్టా అన్న పేరు పెట్టాడు. 1758లోనే వర్గీకరణ శాస్త్రవేత్త లిన్నేయస్ పాఫియా అని ఒక పురుగును వర్ణించి ఉండడంతో ఈ రెండూ ఒకటేనా అన్న తికమక చాలాకాలం సాగింది. సామర్లకోటలో పనిచేసి కలకత్తా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కూడా 1804లో అచ్చయిన తన వ్యాసంలో దసలిని పాఫియాగానే చెప్పాడు.

గుర్తించడం నిజంగానే కష్టం. రెక్కల పురుగు (మాత్)గా మారాక మగది సాధారణంగా ఎర్ర గోధుమ రంగు, ఆడది పసుపు లేదా బూడిద రంగు. చూసినవారికి రెండు వేర్వేరు జాతులనిపిస్తాయి. రెక్కలొచ్చాక ఈ పురుగు ఏమీ తినదు, కొద్ది రోజులే బతుకుతుంది. అందుకే గూడే నమ్మదగిన ఆధారం: గట్టి కాడతో కొమ్మను ఉంగరంలా చుట్టి వేలాడుతుంది.

కీటక శాస్త్రవేత్త జార్జ్ హాంప్సన్ 1892–1896 మధ్య నాలుగు సంపుటాల్లో భారతదేశపు మాత్‌లను వర్గీకరించాడు. గొప్ప పనే, కానీ ఒకే జాతిలోని ప్రాంతీయ తేడాలు అలాంటి జాబితాకు అందవు. ఆ పని తర్వాతి పట్టు పరిశోధకులు చేశారు. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అడవుల దసలికి ‘ఆంధ్ర లోకల్’ అని పేరు పెట్టి, ప్రత్యేక ప్రాంతీయ రకంగా నమోదు చేశారు.