కుట్టు పడిన నాలుగవ నాడు

పాల్వంచ దాటి అడవి దారిన సాగి, సారపాక వద్ద గోదావరిని దాటితే భద్రాచలం. ఆ వంతెన 1965లో వాడుకలోకి వచ్చింది. అదే ఏట మాంట్రియాల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దపేగు క్యాన్సరులో ఉండే ఒక పదార్థాన్ని గుర్తించారు. గర్భస్థశిశువు పేగులోనూ అది కనిపించింది. దానినే సీఈఏ అంటున్నాము. ఈ రెంటికీ సంబంధమేమిటని అడుగుతారేమో! ఏమీ లేదు. కానీ ఈ ఒడ్డున నిలబడి చూస్తేనే ఆ శాస్త్రచరిత్రలో మనకు అక్కరకు వచ్చేదేదో నాకు బోధపడింది.

1881 జనవరి 29న వియన్నాలో బిల్‌రోత్ ఒక స్త్రీ జీర్ణాశయంలోని క్యాన్సరు భాగాన్ని కోసి తీసి, మిగిలినదానిని పేగుకు కలిపి కుట్టాడు. అంతకుముందు 1879లో పేయాన్, 1880లో రిడిగియర్ ఆ పనికి పూనుకోగా రోగులు దక్కలేదు. బిల్‌రోత్ వేసిన కుట్టు నిలిచింది. ఆమె కోలుకున్నది కూడా. కానీ రోగం తిరగబెట్టి నాలుగు నెలలకు మరణించింది. కుట్టు ఊడుతుందా, రోగం తిరిగివస్తుందా అన్న ఆ రెండు భయాలే నేటికీ ఉన్నవి.

సీఈఏ రెండవ భయానికి సంబంధించినది. రోగాన్ని ముందే పట్టిస్తుందని మొదట ఎంతో ఆశపడ్డారు. అది పొగత్రాగేవారిలోనూ పెరుగుతుందని తరువాత తేలింది. వేసవిలో బీడీల కొరకు తునికాకు కోసే ఈ అడవి అంచున ఆ సంగతి మరవరాదు. కనుక శస్త్రచికిత్స అయినవారిని కనిపెట్టి ఉండడానికే దానిని ఎక్కువగా వాడుతున్నారు.

మొదటి భయానికి విరుగుడు మరో త్రోవన వచ్చింది. 1930లో న్యూయార్క్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో సీ-రియాక్టివ్ ప్రోటీనును కనుగొన్నారు. పేగు శస్త్రచికిత్సల అనుభవాలను పోగుచేసి 2014లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, నాలుగవ నాడు అది లీటరుకు 124 మిల్లీగ్రాములకు లోబడి ఉంటే నూటికి 97 మందిలో కుట్టు పదిలం. మించితే మాత్రం అయిదుగురిలో ఒకరికే ప్రమాదం! అంటే కీడును చెప్పడంలో అది కొరగాని జోస్యుడు. "భయం లేదు, ఇంటికి వెళ్ళవచ్చు" అని చెప్పడంలో మాత్రం దాదాపు సత్యవాది.

నగరవాసికి ఈ తేడా స్వల్పం. కడుపునొప్పి వస్తే ఆటో ఎక్కి ఆసుపత్రికి మరలగలడు. 1955లో హైదరాబాదులో నెలకొన్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి భద్రాచలానికి మూడువందల కిలోమీటర్ల పైమాటే. దుమ్ముగూడెం, చర్ల ఇంకా అవతల. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్స ఖర్చును తగ్గించింది గానీ దూరాన్ని తగ్గించలేదు. అయిదవ నాడు బస్సెక్కే మనిషికి ఆ "భయం లేదు" అన్న మాటే ప్రాణం.

వీటన్నిటికన్న నన్ను ఆకట్టుకున్నది 1936 నాటి స్టడ్లీ వ్యాసం. క్లీవ్‌లాండ్‌లో జీర్ణకోశపు పుండ్లకు శస్త్రచికిత్స పొందినవారిలో, ముందే అయిదవ వంతుకు మించి బరువు కోల్పోయినవారిలో నూటికి 33 మంది మరణించారు. తక్కిన వారిలో మూడున్నర మాత్రమే. ఇది క్యాన్సరు లెక్క కాదు, నిజమే. కానీ ఈ జోస్యానికి రక్తం అక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు. కావలసినది ఒక తక్కెడ, నిరుడు ఎంత తూగాడో రాసి ఉంచిన ఒక చీటీ.

తునికాకు కల్లంలో కట్టకు 50 ఆకులని లెక్కించి రాసుకుంటారు. మన బ్లాగరులలో వైద్యులున్నారు. మీ వైపు ఊళ్ళలో పెద్దవారి బరువును తేదీ వేసి రాసి ఇచ్చే అలవాటు ఉన్నదేమో తెలుపగలరు.