రెండో రొమ్ము సంగతి ఎవరు తేల్చాలి? 1974 నుంచి మా పిన్ని దాకా

టైటిల్ చూసి కొంతమంది స్కిప్ కొట్టేస్తారని తెలుసు. "రొమ్ము" అనే మాట మైక్ ముందు అనడానికి నాకే నాలుగు టేకులు పట్టింది. పర్లేదు, అలవాటు చేసుకుందాం.

మా పిన్నికి పోయినేడాది ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని తేలింది. రొమ్ము తీసేశారు, కీమో కూడా అయింది. అంతా అయ్యాక ఒకరోజు వంటింట్లో పప్పుకి పోపు పెడుతూ అడిగింది: "నాన్నా, బాగున్న రెండోది కూడా తీయించేసుకుంటే ఇంక ఈ భయం ఉండదు కదా?" నేను ఒక్క సెకను కూడా ఆలోచించకుండా "తీయించేయ్ పిన్నీ, టెన్షన్ పోతుంది" అనేశా. బాబాయ్ కూడా సరే అన్నాడు. ఆ రాత్రి ఊరికే ఫోన్‌లో చదవడం మొదలుపెడితే రెండు వారాలు ఆపలేకపోయా. ఎంత తేలిగ్గా నోరు జారానో అప్పుడు తెలిసింది. నేను డాక్టర్ని కాదు, మందులూ సలహాలూ నా దగ్గర దొరకవు. చరిత్ర మాత్రం చెప్తా.

అమెరికాలో బాల్టిమోర్ అనే ఊళ్లో, జాన్స్ హాప్కిన్స్ హాస్పిటల్‌లో విలియం హాల్‌స్టెడ్ అని ఒక సర్జన్ ఉండేవాడు. 1894లో తను చేసిన 50 ఆపరేషన్ల గురించి రాశాడు. క్యాన్సర్ ఒక చోట పుట్టి, పక్కకి, దాని పక్కకి, ఒక వరసలో పాకుతుందని ఆయన నమ్మకం. అలా అయితే చుట్టూ ఎంత ఎక్కువ కోస్తే అంత సేఫ్ కదా? అందుకే రొమ్ముతో పాటు దాని కింద ఛాతీ కండరాలు, చంకలో ఉండే లింఫ్ నోడ్స్, అన్నీ తీసేసేవాడు. దీన్నే రాడికల్ మాస్టెక్టమీ అంటారు. రాడికల్ అంటే వేరుతో సహా అని. ప్రాణం దక్కినా చెయ్యి వాచిపోయేది, ఛాతీ గుంట పడిపోయేది. అప్పట్లో చాలామంది గడ్డ బాగా పెద్దదయ్యాకే డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు, కాబట్టి ఆయన్ని విలన్‌ని చేయను. కానీ ఆ పద్ధతి దాదాపు 80 ఏళ్లు నడిచింది. అదే నాకు మింగుడు పడలేదు.

ఇప్పుడు 1974కి వద్దాం. అసలు కథ ఇక్కడుంది.

సెప్టెంబర్ 26. అమెరికా ప్రెసిడెంట్ జెరాల్డ్ ఫోర్డ్ భార్య బెట్టీ ఫోర్డ్‌కి రొమ్ములో గడ్డ కనిపించింది. అప్పటి పద్ధతి ఏంటంటే, మత్తు ఇస్తారు, గడ్డలో ముక్క తీసి ల్యాబ్‌కి పంపుతారు, క్యాన్సర్ అని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేస్తారు. అంటే పడుకునేటప్పుడు, లేచాక రొమ్ము ఉంటుందో లేదో ఆ మనిషికి తెలియదు. బెట్టీ ఫోర్డ్‌కి సెప్టెంబర్ 28న అలాగే తీసేశారు.

మేరీలాండ్‌లో రోజ్ కుష్నర్ అనే జర్నలిస్టుకి అదే ఏడాది జూన్‌లో గడ్డ కనిపించింది. "ముందు ముక్క తీసి టెస్ట్ చేయండి, నన్ను లేపండి, మిగతాది నేను తేల్చుకుంటా" అని ఆవిడ డిమాండ్. ఒక్కొక్క సర్జన్ కుదరదనేశాడు. ఫోన్ల మీద ఫోన్లు చేసి ఒప్పుకునేవాణ్ని పట్టుకుంది. బెట్టీ ఫోర్డ్ వార్త తెలిసి, ఆవిడకైనా ఈ మాట చెప్పాలని వైట్ హౌస్‌కి ఫోన్ చేసింది. వచ్చిన జవాబు, ఆవిడే తర్వాత చెప్పిన ప్రకారం, ప్రెసిడెంట్ గారు ఆల్రెడీ నిర్ణయం తీసేసుకున్నారు అని. ఒళ్లు బెట్టీది, నిర్ణయం భర్తది!

మూడు వారాలు కూడా కాలేదు. వైస్ ప్రెసిడెంట్ కాబోతున్న నెల్సన్ రాక్‌ఫెల్లర్ భార్య హ్యాపీకి ఎడమ రొమ్ము తీసేశారు. ఆవిడ సర్జన్ జెరోమ్ అర్బన్‌కి ఒక అలవాటుంది. ఒక వైపు క్యాన్సర్ వస్తే, రెండో రొమ్ములో కూడా అద్దంలో ప్రతిబింబంలా సరిగ్గా అదే చోట నుంచి ముక్క తీసి చూస్తాడు. కుడి వైపు కూడా చాలా చిన్న క్యాన్సర్ కనిపించింది. ఆ సంగతి భర్తకి చెప్పారు, హ్యాపీకి చెప్పలేదు. కాస్త కోలుకున్నాకే చెప్పారు. నవంబర్ 25న రెండోదీ తీసేశారు. ఇది చదివి నేను ల్యాప్‌టాప్ మూసేసి బాల్కనీలోకి వెళ్లిపోయా. ఎందుకంటే వంటింట్లో నేనూ బాబాయీ చేసింది కూడా దాదాపు అదే కదా.

కుష్నర్ ఊరుకోలేదు. 1979లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఒక కమిటీ వేస్తే అందులో కూర్చుంది. టెస్ట్ వేరు, ఆపరేషన్ వేరు, రెండూ ఒకే మత్తులో చేయకూడదని ఆ కమిటీ చెప్పింది.

ఇంకోవైపు పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ హాల్‌స్టెడ్ లాజిక్‌నే టెస్ట్‌కి పెట్టాడు. 1976లో మొదలైన ఒక ట్రయల్‌లో 1,851 మంది ఆడవాళ్లు. కొందరికి రొమ్ము మొత్తం తీశారు, కొందరికి గడ్డ వరకే తీశారు, అలా గడ్డ మాత్రమే తీసినవాళ్లలో కొందరికి రేడియేషన్ కూడా ఇచ్చారు. 20 ఏళ్ల లెక్క 2002లో వచ్చింది. ఎంతమంది బతికారు అనే దాంట్లో తేడా లేదు. రేడియేషన్ లేనివాళ్లకి అదే రొమ్ములో గడ్డ మళ్లీ రావడం ఎక్కువైంది, అది నిజమే. కానీ ప్రాణం తీసేది రొమ్ములో ఉన్న గడ్డ కాదు, ముందే రక్తంలోకి జారిపోయిన కణాలు. వాటికి కత్తి అందదు, మందు కావాలి. 1976లో ఇటలీ డాక్టర్లు ఆపరేషన్ తర్వాత మూడు మందులిచ్చి మంచి ఫలితం చూపించారు. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ లెడర్లీ కంపెనీలో తయారుచేసిన మందు. ఆయన 1948లోనే పోయారు, ఇది చూడలేదు.

సరే, కత్తి తగ్గింది అనుకుంటే మళ్లీ పెరిగింది! ఈసారి అడిగింది డాక్టర్లు కాదు, పేషెంట్లే. అమెరికాలో ఒక రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో, బాగున్న రెండోది కూడా తీయించుకున్నవాళ్లు 1998లో 1.8 శాతం, 2003కి 4.5 శాతం. ఏంజెలీనా జోలీ వల్ల అనుకుంటారేమో, ఆవిడ 2013లో కదా చెప్పింది. పైగా ఆవిడకి క్యాన్సర్ రానేలేదు. బీఆర్‌సీఏ1 అనే జీన్‌లో లోపం ఉందని ముందుగా తీయించుకుంది. ఆ జీన్ 17వ క్రోమోజోమ్ మీద ఉందని మేరీ క్లెయిర్ కింగ్ 1990లో చూపించింది.

ఇక్కడే మన ఇంట్లో లెక్క తప్పింది. బీఆర్‌సీఏ1 లోపం ఉండి ఒక వైపు క్యాన్సర్ వచ్చినవాళ్లలో, 20 ఏళ్లలో రెండో వైపు వచ్చేది దాదాపు 100కి 40 మందికి. బీఆర్‌సీఏ2 అయితే 26. వాళ్లకి రెండోది తీయించుకోవడం చాలా అర్థమున్న నిర్ణయం. కానీ 2024లో కెనడా పరిశోధకులు అమెరికా రికార్డులు చూస్తే, మొత్తం మీద పేషెంట్లలో 20 ఏళ్లకి రెండో వైపు వచ్చింది సుమారు 100కి ఏడుగురికి. రెండూ తీయించుకున్నవాళ్లకి ఆ రిస్క్ బాగా తగ్గింది. అయినా క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు గ్రూపుల్లోనూ 100కి 16, 17 మందే. గడ్డ వరకే తీసినా, ఒకటి తీసినా, రెండూ తీసినా.

పిన్ని భయం పాత క్యాన్సర్ ఎముకల్లోకో లివర్‌లోకో తిరిగొస్తుందని. రెండో రొమ్ము తీస్తే తగ్గేది కొత్త క్యాన్సర్ రిస్క్. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, రెండు వేరే వేరే బగ్స్‌ని ఒకే టికెట్‌లో వేసేశాం.

పిన్నికి ఇదంతా చెప్పా. హ్యాపీ రాక్‌ఫెల్లర్ దగ్గరికొచ్చేసరికి పిన్ని స్టవ్ ఆపేసింది. "నీకూ మీ బాబాయికీ ఒక్క నిమిషం పట్టింది కదరా సరే అనడానికి" అంది. నా దగ్గర మాట లేదు. తర్వాత డాక్టర్ దగ్గరికి ఒక్కతే లోపలికెళ్లింది, మమ్మల్ని బయట కూర్చోబెట్టి. జీన్ టెస్ట్ చేయించుకుంది, లోపం లేదని వచ్చింది. అయినా వెంటనే ఏమీ తేల్చలేదు. బ్రా ఒక వైపు బరువుగా లాగుతోందని, అద్దంలో చూసుకుంటే ఏదోలా ఉంటోందని, ఇవి కూడా ఆ రోజుల్లోనే అమ్మతో చెప్పిందట. ఇవి ఏ స్టడీలోనూ నేను వెతకలేదు.

నెల తర్వాత చెప్పింది, ఉంచుకుంటానని. కీమో వార్డులో పిన్నికి ఫ్రెండ్ అయిన ఒకావిడకి బీఆర్‌సీఏ1 పాజిటివ్ వచ్చింది, ఆవిడ తీయించుకుంది. ఇద్దరూ రోజూ వాట్సాప్‌లో మాట్లాడుకుంటూనే ఉంటారు. పిన్నికి వచ్చే మామోగ్రామ్ కార్తీక మాసంలో. కారు నేనే నడపాలంట, లోపలికి మాత్రం రాకూడదంట.